సీటు వచ్చినంక కాదు, రాకముందే కూసొని లెక్కేసుకోవాలె

నాలుగేండ్ల కింద జూన్ నెలాఖర్ల ఒక సాయంత్రం, హాలియా దగ్గర మా అక్కోళ్ళ ఊర్ల, వాకిట్ల మంచం మీద కూసొని మా బావ ఎరువుల దుకాణం బిల్లు వెనుక లెక్క రాస్తున్నడు. మా మేనకోడలికి ఆ పొద్దున్నే బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌ల కెమికల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది, ఫీజుల కాయితం ఫోన్ల తెరిచి పెట్టుకున్నం. బావ రెండు లక్షల చిల్లర అని రాసి దాన్ని నాలుగుతోని గుణించి, తొమ్మిది లక్షల దాక అయితది, బత్తాయి రెండు కాపులు మంచిగొస్తే మిగిలింది నేను చూసుకుంట అన్నడు. మా అక్క మొఖం వెలిగిపోయింది. అప్పుడు పిల్ల మెల్లగ అన్నది, "నాయ్నా, అది ఏడాదికి కాదు, ఆర్నెల్లకు."

బావ పెన్ను అట్లనే పట్టుకొని చానాసేపు ఆ బిల్లు దిక్కే చూసిండు. పిల్ల లోపలికి పోయి చాయ్ పెట్టింది, ఎవ్వరం అడగలేదు. ఆ చాయ్ తాగేలోపల్నే ఆ సీటు పోయింది, ఎవ్వరూ పోయిందని అనలేదు గానీ అందరికీ తెలిసిపోయింది.

నేను నల్గొండల ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్త. ఇరవై ఏండ్లకు దగ్గర పడ్డది. ఎంతమంది పిల్లలకు ఇంటిగ్రేషన్ నేర్పిన్నో, నా సొంత అక్క ఇంట్ల వెయ్యాల్సిన ఆ ఒక్క గుణింతం నేను ముందుగాల వేసి చూపెట్టలేదు అన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. పిల్ల పరీక్ష రాస్తా అంటే రాయి బిడ్డా అన్న, అప్లికేషన్ ఫీజు నేనే కట్టిన, స్కోర్ వస్తే సంతోషపడ్డ, అంతే. సీటు వచ్చినంక పైసలు కట్టడానికి ఇచ్చేది కొన్ని దినాలే, ఆ కొన్ని దినాలల్ల ఒక రైతు కుటుంబం పాతిక లక్షల సంగతి తేల్చుకోవాలంటే ఎట్ల తేల్చుకుంటది? నేను చెప్పొచ్చేది ఇదొక్కటే, ఇంటర్ సెకండియర్ డిసెంబర్‌ల, అంటే ఇంక ఏ పరీక్షా రాయకముందే, తల్లిదండ్రులు పిల్లల్ని పక్కన కూసోబెట్టుకొని మొత్తం నాలుగేండ్ల లెక్క కాయితం మీద వెయ్యాలె. పిల్లలకు తెల్వకుండ కాదు, పిల్లల ముందట్నే.

ఇంకో సంగతి ముందే చెప్పాలె. మన దిక్కు "ప్రైవేట్" అనే మాట ఒక్కటే ఉంది, కానీ దాని కింద కనీసం మూడు రకాలున్నయి, మూడింటి కథ వేరు. మొదటిది మనకు తెలిసిన అఫిలియేటెడ్ ఇంజనీరింగ్ కాలేజీలు. వీటిల 70 శాతం సీట్లు ఎప్‌సెట్ ర్యాంకు మీద కన్వీనర్ కోటాల పోతయి, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఫీజు ఎంతుండాలెనో రాష్ట్రంల ఫీజుల కమిటీ, టీఏఎఫ్‌ఆర్‌సీ, ఖరారు చేస్తది, పేరున్న కాలేజీలల్ల అది ఏడాదికి లక్షన్నర దాటింది. కన్వీనర్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటది, బీసీ పిల్లలకైతే 10 వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు, దాటితే 35,000, అది కూడ ఇంటి ఆదాయం ఊర్లల్ల లక్షన్నర, పట్నంల 2 లక్షల లోపు ఉంటేనే. రెండోది 2018 చట్టం కింద 2020 నుంచి మన రాష్ట్రంల వచ్చిన ప్రైవేట్ యూనివర్సిటీలు, మహీంద్రా, వోక్సెన్, మల్లారెడ్డి, అనురాగ్, ఎస్ఆర్ లాంటివి. వీటిల తెలంగాణ పిల్లలకు 25 శాతం సీట్లు అని చట్టంలనే ఉంది గానీ రీయింబర్స్‌మెంట్ వర్తించదు, ఫీజు వాళ్లే పెట్టుకుంటరు. మూడోది బిట్స్, వీఐటీ లాంటి డీమ్డ్ యూనివర్సిటీలు, సొంత ఎంట్రన్స్, సొంత ఫీజు, దేశం మొత్తం నుంచి పిల్లలు వస్తరు.

మన బస్టాండ్ల పక్కన చాయ్ హోటల్ల ఎవర్నన్న అడిగితే మూడూ ఒక్కటే, "ప్రైవేట్ల పైసలుంటే సీటు." ఇది నిజం కాదు, ఈ మాట వల్ల మంచి పిల్లలు చానామంది అసలు పరీక్షనే రాస్తలేరు. బిట్స్‌ల మేనేజ్‌మెంట్ కోటా అనేదే లేదు. స్కోర్ లేకుండ కోటి రూపాయలు తీస్కపోయినా సీటు రాదు. అట్లనే దానికి తిరగమర్ర ఇంకో తప్పు మాట కూడ ఉంది, "మెరిట్ మీద సీటొచ్చింది కదా, ఇంక ఫీజేముంటది" అని. మా బావ అనుకున్నది అదే. కష్టపడి తెచ్చుకున్న సీటు చవకగ ఉంటది అనుకున్నడు, ఎందుకంటే ఆయనకు తెలిసిన ఐఐటీ, ఎన్ఐటీ, రీయింబర్స్‌మెంట్ లోకంల అట్లనే ఉంటది. ఐఐటీల ట్యూషన్ ఏడాదికి 2 లక్షలు, ఇంటి ఆదాయం లక్ష లోపు ఉంటే మొత్తం మాఫీ, 5 లక్షల లోపు ఉంటే మూడింట్ల రెండొంతులు మాఫీ, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ట్యూషనే లేదు. బిట్స్‌ల సెలక్షన్ ఐఐటీ లెక్క గట్టిగుంటది, ధర మాత్రం ప్రైవేట్ ధర. ఈ రెండూ ఒక్కకాడ ఉండొచ్చు అని మనోళ్లకు ఎవ్వరూ చెప్పలేదు.

వీఐటీల ఇంకో తీరు. అక్కడ ర్యాంకును బట్టి ఫీజు కేటగిరీలు ఒకటి నుంచి ఐదు దాక ఉంటయి, ఒకే క్లాసుల ఒకే బెంచి మీద కూసున్న ఇద్దరు పిల్లలల్ల ఒకరి ఫీజు ఇంకొకరికి దగ్గర దగ్గర రెండింతలు ఉండొచ్చు. సీటొచ్చింది అన్న కబురు విని సంబరపడుడు కాదు, ఏ కేటగిరీల వచ్చింది అని అడగాలె.

మా మేనకోడలి సంగతికి వస్త. బిట్స్ వదిలేసినంక ఇంట్ల అందరికీ ఒక భయం పట్టుకున్నది, ఇది పోయింది, ఎప్‌సెట్ల మంచిది రాకపోతే ఎట్ల అని. అప్పటికే రోజుకు రెండు మూడు ఫోన్లు, "సార్ మీ పాపకు సీఎస్‌ఈ సీటు ఉంది, రేపటి వరకే" అని. బావ ఆ భయంల ఒక కాలేజీల అడ్వాన్స్ కట్టి ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేసిండు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ అన్నీ. ఇరవై రోజులకు కౌన్సెలింగ్‌ల కన్వీనర్ సీటు మంచి కాలేజీల వచ్చింది. సర్టిఫికెట్లు అడిగితే నాలుగేండ్ల ఫీజు కట్టి తీస్కపొమ్మన్నరు. నేను నాలుగుసార్లు పోయిన, ప్రతిసారి ఇంకో మనిషి, ఇంకో గది. ఆఖరికి దేశంల యూనివర్సిటీలన్నిటికీ రూల్స్ పెట్టే యూజీసీ 2018 అక్టోబర్‌ల ఇచ్చిన నోటిఫికేషన్ ప్రింటు తీస్కపోయి టేబుల్ మీద పెట్టిన, ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవద్దు అని, పిల్లలు మానుకుంటే ఎన్ని రోజులల్ల ఎంత శాతం వాపస్ ఇయ్యాలెనో అని అండ్ల స్పష్టంగ ఉంది. అడ్మిషన్ ఆఖరు తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే మొత్తం, ఆ 15 రోజుల లోపల అయితే 90 శాతం, తేదీ దాటిన 15 రోజులల్ల 80, ఇంకా 15 రోజులకు 50, ఆ తర్వాత ఏం లేదు. కాయితం చూసినంక సర్టిఫికెట్లు ఇచ్చిండ్రు, పైసలు పూర్తిగ రాలేదు. దయచేసి ఒరిజినల్స్ ఎవ్వరికీ ముందే ఇయ్యకుండ్రి, చూపెట్టి జిరాక్స్ ఇయ్యుండ్రి. డొనేషన్ తీసుకునుడు మన దగ్గర 1983 చట్టం నుంచే నేరం, అయినా ఎంత ధైర్యంగ అడుగుతరో నేను కండ్లార చూసిన.

ఇప్పుడు పరీక్ష గురించి. బిట్స్ సీటుకు పెట్టే ఎంట్రన్స్ బిట్‌శాట్, కంప్యూటర్ మీద రాసే పరీక్ష, మూడు గంటలు, 130 ప్రశ్నలు, 390 మార్కులు. కరెక్ట్ అయితే 3, తప్పయితే ఒకటి పోతది. ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30, మ్యాథ్స్ 40, అవి మన పిల్లలకు కొట్టిన పిండే. మిగిలిన 30ల ఇంగ్లిష్ 10, లాజికల్ రీజనింగ్ 20. మన కాలేజీలల్ల ఈ 30ని పట్టించుకునేటోళ్లు లేరు, 390ల 90 మార్కులు అంటే దగ్గర దగ్గర పావు వంతు. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన పిల్ల ఫిజిక్స్‌ల వెనుకబడి సీటు పోగొట్టుకోదు, ఈ 90 మార్కుల కాడ పోగొట్టుకుంటది. నేను ఇప్పుడు వారానికి ఒక్క గంట దీనికే పెడ్తున్న, పాత ప్రశ్నలు పెట్టి చేపిస్తున్న, తేడా కనబడ్తుంది. 130 అయిపోయినంక టైం మిగిలితే ఇంకో 12 ప్రశ్నలు తీసుకోవచ్చు, కానీ అవి తీసుకుంటే వెనక్కి పోయి పాతవి మార్చుడు ఉండది, ఇది తెల్వక తొందరపడి తీసుకున్నోళ్లు ఉన్నరు. ఇంటర్ల ఎంపీసీ మొత్తం మీద 75 శాతం, ఒక్కో సబ్జెక్టుల 60 ఉండాలె, మన పిల్లలకు అది అడ్డం కాదు. ఏడాదికి రెండు సెషన్లు, రెండిటికీ కలిపి అప్లికేషన్ ఫీజే అబ్బాయిలకు ఐదు వేల పైన అయింది, ఆడపిల్లలకు కొంచెం తక్కువ.

ఇంక అసలు సంగతి, పైసలు. ఇప్పుడు బిట్స్‌ల సెమిస్టర్ ఫీజు రెండున్నర లక్షల పైనే. ఎనిమిది సెమిస్టర్లకు ట్యూషన్ ఒక్కటే 20 లక్షలు దాటుతది. దానికి హాస్టల్, మెస్ అడ్వాన్స్, కరెంటు, మొదటిసారి అడ్మిషన్ ఫీజు, డిపాజిట్. రెండో ఏడాది అయినంక ఎండకాలంల ప్రాక్టీస్ స్కూల్ అని కంపెనీలకు పంపుతరు, ఆ సమ్మర్ టర్మ్‌కు కూడ ఫీజు ఉంటది, ఇది ఎవ్వరి లెక్కల ఉండది. ల్యాప్‌టాప్, పండుగకు ఇంటికొచ్చే బస్సు చార్జీలు, బట్టలు. ఏటా కొంత పెరగొచ్చని కూడ వేసుకోవాలె. అందుకే నేను ఎవరికైనా పాతిక లక్షలకు తక్కువ చెప్పను.

బావకు శాతాలల్ల చెప్తే అర్థం కాలేదు, ఊరి వడ్డీల చెప్తే వెంటనే అర్థమైంది, అందుకే ఇక్కడ కూడ అట్లనే చెప్త. మన ఊర్లల్ల నూటికి నెలకు రెండు రూపాయలు అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ 10 శాతం అనుకుందం, అంటే నూటికి నెలకు ఎనభై మూడు పైసలు. చవకనే. కానీ ఏడాదికి 5 లక్షల చొప్పున నాలుగేండ్లు తీసుకుంటే, మొదటి 5 లక్షలకు నాలుగేండ్ల వడ్డీ 2 లక్షలు, రెండో దానికి లక్షన్నర, మూడో దానికి లక్ష, నాలుగో దానికి 50 వేలు, మొత్తం 5 లక్షలు. చదువు అయినంక ఇంకో ఏడాది కిస్తీలు ఆగుతయి గానీ వడ్డీ ఆగదు, ఇంకో 2 లక్షలు. 20 లక్షలు తీసుకున్న పిల్లగాడు కిస్తీ మొదలుపెట్టే రోజుకు 27 లక్షల బాకీల ఉంటడు. పదేండ్లల్ల కడ్త అంటే నెలకు దగ్గర దగ్గర 36 వేలు. ఈ 36 వేలు అనే అంకె పిల్లలకు డిసెంబర్‌లనే కనబడాలె. ఇది భయపెట్టడానికి కాదు, బ్రాంచి ఎంచుకునేటప్పుడు ఆ పిల్లగాడి మనసుల ఉండాల్సిన అంకె ఇది.

లోన్ కాడ మన దిక్కోళ్లకు ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. ఏడున్నర లక్షలు దాటితే మామూలుగ బ్యాంకు తాకట్టు అడుగుతది. పోయినేడు మా మేనల్లుడి కోసం, అంటే ఆ పిల్ల తమ్ముని కోసం, బావ పట్టాదారు పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని వచ్చిండు. నాలుగెకరాలు, అండ్ల రెండెకరాలు బత్తాయి. బ్యాంకాయన పాస్‌బుక్కు తెరిచి చూసి మళ్ల మూసి మెల్లగ ఇటు దిక్కు జరిపిండు, వ్యవసాయ భూమి తీసుకోము అన్నడు. బావకు అవమానం అనిపించింది, నేను బాకీ ఎగ్గొట్టేటోని లెక్క కనబడుతున్ననా అన్నడు బయటికొచ్చినంక. అది కాదు బావా అని చెప్పిన. 2002ల వచ్చిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు కోర్టుకు పోకుండ తాకట్టు స్వాధీనం చేసుకోవచ్చు, కానీ వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. రైతును కాపాడాలెనని పెట్టిన నియమం, రైతు బిడ్డ చదువుకు లోన్ అడిగినప్పుడు ఇట్ల అడ్డమొస్తది. ఊర్ల ఇల్లు పెడ్దమంటే అది గ్రామకంఠంల ఉంది, రిజిస్ట్రేషన్ కాయితం లేదు. నల్గొండల రెండు వందల గజాల ప్లాటున్న ఉద్యోగికి దొరికే లోన్, నాలుగెకరాలున్న రైతుకు దొరకది. దీని మీద మాట్లాడే నాయకుడు నాకు ఇంతవరకు కనబడలేదు.

కానీ దారి లేక కాదు. కొన్ని బ్యాంకులకు సెలక్ట్ చేసిన సంస్థల లిస్టు ఒకటి ఉంటది, ఆ లిస్టుల ఉన్న కాలేజీల సీటొస్తే తాకట్టు లేకుండ పెద్ద మొత్తం ఇస్తరు. బిట్స్ అట్లాంటి లిస్టులల్ల ఉంటది. మొదటి బ్రాంచిల ఆ సంగతే ఎత్తలేదు, రెండో బ్యాంకుల మేనేజర్ అడ్మిషన్ లెటర్ చూడంగనే లిస్టు తెరిచింది. ఇంకోటి, 2024 నవంబర్‌ల కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని పెట్టింది, ర్యాంకింగులల్ల ముందున్న సంస్థలల్ల (మొదలుపెట్టినప్పుడు 860) సీటొస్తే తాకట్టు, జామీను లేకుండ లోన్, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాక లోన్ మీద చదువుకునే కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ. రాయితీ ఏడాదికి లక్ష మందికే, అందుకే అది వస్తదనుకొని లెక్క వెయ్యొద్దు, వస్తే సంతోషం.

బిట్స్ లోపల కూడ మెరిట్ కమ్ నీడ్ అని స్కాలర్‌షిప్ ఉంది, ఇంటి ఆదాయం చూసి ఫీజుల కొంత భాగం మాఫీ చేస్తరు. అది చేరినంక అప్లై చేసుకోవాలె, మార్కులు నిలబెట్టుకోవాలె, అంటే మొదటి సెమిస్టర్ ఫీజు మాత్రం ఇంట్ల నుంచే తియ్యాలె. ఆదాయం కాయితాలు అడుగుతరు, వ్యవసాయం మీద బతికేటోళ్లకు ఇన్‌కంటాక్స్ రిటర్నులు ఉండయి కదా, తహసీల్దార్ ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం మీసేవల ముందే తీసి పెట్టుకోవాలె. జూలైల మీసేవ కాడ లైన్ ఎట్లుంటదో మీకు తెలుసు, మేల తీసుకోండ్రి.

ఇన్ని చెప్పినంక కూడ ఒక మాట దాచుకోలేను. డొనేషన్ లేదు, పరీక్ష ఒక్కటే అన్నంత మాత్రాన న్యాయంగ ఉన్నట్టు కాదు. బిట్స్‌ల రిజర్వేషన్ లేదు, మన రాష్ట్రం ఇచ్చే రీయింబర్స్‌మెంట్ అక్కడికి పోదు. ప్రైవేట్ విద్యాసంస్థలల్ల కూడ రిజర్వేషన్ పెట్టొచ్చు అని 2005ల రాజ్యాంగానికి 93వ సవరణ చేసి 15(5) అనే అధికరణం రాసుకున్నరు, 2014ల సుప్రీంకోర్టు అది చెల్లుతది అన్నది, కానీ ప్రైవేట్ సంస్థల కోసం పార్లమెంటు ఇంకా చట్టం చెయ్యలేదు. నా క్లాసుల ఒక లంబాడ పిల్లగాడు ఉండె, డిండి దిక్కు తండా నుంచి రోజూ బస్సు మీద వచ్చెటోడు, నేను ఇన్నేండ్లల్ల చూసిన మంచి బుర్రలల్ల వాడిది ఒకటి. వానికి బిట్స్ ఫీజు చెప్పిన రోజు వాడు ఏం అనలేదు, నోటుబుక్కు మూసుకున్నడు. వాడు ఎన్ఐటీకి పోయిండు, ట్యూషన్ లేకుండ చదివిండు, మంచిదే. కానీ ఒక తలుపు వానికి పరీక్షకంటే ముందే మూసి ఉంది. షామీర్‌పేట దిక్కున్న ఆ క్యాంపస్ మన జిల్లాల నుంచి మూడు నాలుగు గంటల బస్సు దూరం, మన భూమి మీదనే ఉంది, మన పిల్లలెంతమంది అండ్ల ఉన్నరు అని అడిగే హక్కు మనకు ఉంది. స్కాలర్‌షిప్ చేరినంక కాదు, సీటు ఇచ్చే రోజే ఇంత మాఫీ అని రాసి ఇస్తే సగం ఇండ్లల్ల ఆ సాయంత్రం వేరేతీరు గడుస్తది. ఇది వాళ్లు చెయ్యగలిగిన పని.

పోయినేటి ముందటి డిసెంబర్‌ల అదే వాకిట్ల మళ్ల కూసున్నం. ఈసారి లెక్క రాసింది మా మేనకోడలు. తమ్మున్ని పక్కన కూసోబెట్టుకొని ఒక తెల్ల కాయితం మీద మూడు గీతలు గీసింది, ఎన్ఐటీ వస్తే ఇంత, ఎప్‌సెట్ కన్వీనర్ వస్తే ఇంత, బిట్స్ వస్తే ఇంత, మూడిటి కింద హాస్టలు, బస్సు చార్జీల దాక రాసింది. మా అక్క, పిల్లగాని ముందట ఈ పైసల ముచ్చట ఎందుకు తమ్మీ, వాడు దిగులు పెట్టుకుంటడు అన్నది నాతోని. పిల్లగాడే చెప్పిండు, "అమ్మా, అక్కకు అప్పుడు చెప్పలేదు కదా, అందుకే అక్క దిగులు పెట్టుకున్నది." కాసేపు చదువుకొని వాడే పెన్ను తీసుకొని బిట్స్ గీత కింద నాలుగు బ్రాంచిల పేర్లు రాసిండు, ఇవి వస్తేనే పోత మామా, వేరేది వస్తే ఎప్‌సెట్ సీటే మేలు, 36 వేలు కట్టాలె కదా అన్నడు. వాని వయసు అప్పటికి పదిహేడు.

రెండో సెషన్‌ల మార్కులు పెరిగినయి, వాడు రాసిన నాలుగిట్ల మూడోది వచ్చింది. ఆ రోజు ఇంట్ల ఎవ్వరూ తడబడలేదు, మొదటి సెమిస్టర్ పైసలు బత్తాయి అమ్మినప్పుడే పక్కకు పెట్టిండ్రు, మిగిలిందానికి లోన్. మా మేనకోడలు ఈ ఎండకాలం చదువు అయిపోయి కొలువుల చేరింది. మొన్న ఫోన్ చేసి, మామా, తమ్ముని లోన్ వడ్డీ నెలనెలా ఇప్పటినుంచే కట్టుకుంటూ పోతే అసలు పెరగదు కదా, కొన్ని బ్యాంకులు రేటు కూడ కొంచెం తగ్గిస్తయంట, ఎంతయితదో చూసి చెప్పు అన్నది. ఇప్పటిదాక తీసుకున్న అయిదు లక్షలకు నెలకు నాలుగు వేల రెండు వందల దాక అయితది. చెప్పిన. ఆ తెల్ల కాయితం ఇప్పుడు బావ పట్టాదారు పాస్‌బుక్కుల మడత పెట్టి ఉంది, ఈ ఆదివారం పోయినప్పుడు ఆ అంకె కూడ అండ్ల రాసి రావాలె.